ఇంజను బలహీనమా, బరువు ఎక్కువా?

మనలో చాలామందిమి రెండు మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లం. బదిలీ ఉత్తర్వు వస్తే సామాన్లు పెట్టెల్లోకి ఎక్కుతాయి, కొత్త బడి, కొత్త స్నేహాలు మొదలవుతాయి. అలా విశాఖపట్నం చేరిన మాలో కొందరికి స్కూటరు తెలుసు, ట్రాక్టరు తెలుసు, రైలింజను తెలుసు. సముద్రం మీద వేటకు వెళ్లే మరబోటు మాత్రం కొత్త. పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో మనం చదివే బలం, పని, సామర్థ్యం ఆ బోటులో చక్కగా కనిపిస్తాయి. అందుకే ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని ఈ వ్యాసం రాస్తున్నాం. లివరు పూర్తిగా ముందుకు తోసినా బోటు ఇంజను తన పూర్తి వేగాన్ని అందుకోకపోతే, కారణం ఎలా కనుక్కోవాలి?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ముందు చూద్దాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే విరామం అది. పశ్చిమ తీరంలో అవే 61 రోజులు జూన్ 1 నుంచి జూలై 31 వరకు ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎందరో మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పనికి వెళతారు. మనలాగే వాళ్లూ ఊళ్లు మారుతూ బతికేవాళ్లు. నిషేధం ముగిసిన రోజు ఏ తీరంలోనైనా బోట్లన్నీ ఒకేసారి కదులుతాయి. రెండు నెలలుగా సంపాదన లేని ఇళ్లు ఆ మొదటి వేట కోసం ఎదురు చూస్తుంటాయి.

సరిగ్గా అప్పుడే ఇంజను మొరాయిస్తే? రేవుకు 60 నాటికల్ మైళ్ల దూరంలో బోటు ఉందనుకుందాం. గంటకు 8 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే 8 నాట్లతో వస్తే ఏడున్నర గంటల్లో ఒడ్డు చేరుతుంది. 6 నాట్లే వస్తే పది గంటలు పడుతుంది. మామూలు రోజున ఆ రెండున్నర గంటలు డీజిలు ఖర్చుతో పోతాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున అందులో ఉన్న మనుషుల ప్రాణాలకే ముప్పు.

పూర్తి వేగం అంటే ఏమిటి?

ఇంజను వేగాన్ని నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి చెబుతారు. దాన్నే ఆర్‌పీఎం అంటారు. ప్రతి ఇంజనుకూ పూర్తి బరువు మీద ఎన్ని ఆర్‌పీఎం తిరగాలో తయారీదారు నిర్ణయించి, ఇంజనుకు బిగించిన రేకు మీదో, దానితో ఇచ్చిన పుస్తకంలోనో రాస్తాడు. పడవ వెనక తగిలించే చిన్న పెట్రోలు ఇంజన్లలో అది 5000 దాటవచ్చు. పెద్ద మరబోటు డీజిలు ఇంజన్లలో అంతకంటే చాలా తక్కువ. మనం లెక్క సులువుగా ఉండేందుకు 1800 అనుకుందాం. ఈ అంకె తెలియకుండా "వేగం తగ్గింది" అనడం, మామూలు ఉష్ణోగ్రత ఎంతో తెలియకుండా జ్వరం వచ్చింది అనడం లాంటిదే.

మరో జాగ్రత్త కూడా అవసరం. వేగం చూపించే మీటరే తప్పు చెబుతూ ఉండవచ్చు. కొన్ని ఇంజన్లలో ఆ మీటరు ఆల్టర్నేటరు నుంచి సంకేతం తీసుకుంటుంది. ఆల్టర్నేటరును తిప్పే బెల్టు వదులై జారితే, ఇంజను బాగానే తిరుగుతున్నా ముల్లు తక్కువ చూపిస్తుంది. అందుకే మెకానిక్కులు తిరిగే పుల్లీ మీద మెరిసే చిన్న పట్టీ అంటించి, చేతిలో పట్టుకునే కాంతి మీటరుతో విడిగా కొలుస్తారు. రెండు అంకెలూ ఒకటైతేనే తర్వాతి పరీక్షలకు అర్థం ఉంటుంది.

రెండు గీతలు కలిసే చోటు

ఒక గ్రాఫు కాగితం తీసుకోండి. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా సామర్థ్యం గుర్తించండి. ఇప్పుడు రెండు గీతలు గీయాలి. మొదటిది, ఒక్కో వేగం దగ్గర ఇంజను ఇవ్వగలిగిన గరిష్ఠ సామర్థ్యం. రెండోది, ఒక్కో వేగం దగ్గర నీటిలో తిరిగే ప్రొపెల్లరు అడిగే సామర్థ్యం.

రెండో గీత తీరు గమనించదగ్గది. ప్రొపెల్లరు అడిగే సామర్థ్యం దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగమైతే కావలసిన సామర్థ్యం ఎనిమిదో వంతే. 1800 ఆర్‌పీఎం దగ్గర కావలసింది 100 అనుకుంటే, 1500 దగ్గర కావలసింది ఎంత? 1500ను 1800తో భాగిస్తే 5/6 వస్తుంది. దాని ఘనం 125/216, అంటే సుమారు 58 శాతం. చివరి 300 చుట్లు పెంచడానికే మిగతా 42 శాతం కావాలన్నమాట.

ఈ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అదే బోటు అందుకోగల గరిష్ఠ వేగం. బోటుకు తగిన ప్రొపెల్లరు బిగించి ఉంటే అవి 1800 దగ్గర కలుస్తాయి. అంతకంటే ముందే, 1500 దగ్గరే కలిశాయంటే రెండే కారణాలు ఉంటాయి. ఇంజను ఇచ్చేది తగ్గి మొదటి గీత కిందికి దిగి ఉండాలి, లేదా నీరు అడిగేది పెరిగి రెండో గీత పైకి లేచి ఉండాలి. ఒక్కోసారి రెండూ జరుగుతాయి.

చాలామంది వేగం తగ్గగానే ఇంజను పాడైందని తీర్మానిస్తారు. తప్పు ఇంజనుదా, దాని మీద పడిన బరువుదా అన్నది తేల్చుకున్న తర్వాతే స్పానరు పట్టుకోవాలి. ఇదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం.

ఎప్పటి నుంచి?

వైద్యుడు రోగిని మొదట అడిగే ప్రశ్న ఇదే. ఇంజను విషయంలోనూ ఇదే ముందు అడగాలి.

వేగం ఒక్కసారిగా పడిపోతే, ప్రొపెల్లరుకు తాడో వల ముక్కో చుట్టుకుని ఉండవచ్చు. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే, బోటు అడుగున నాచు పెరగడమో ఫిల్టరు మూసుకుపోవడమో కారణం కావచ్చు. కొత్త ప్రొపెల్లరు బిగించిన రోజు నుంచే అయితే, దాని కొలత సరిపోలేదని అనుమానించాలి. బయలుదేరినప్పుడు బాగుండి పది నిమిషాల తర్వాత తగ్గుతూ ఉంటే, డీజిలు సరఫరా వైపు చూడాలి. ట్యాంకులోకి గాలి వెళ్లే గొట్టం మూసుకుపోతే డీజిలు తగ్గేకొద్దీ లోపల గాలి పీడనం పడిపోతుంది, పంపు లాగలేకపోతుంది. ట్యాంకు మూత కాస్త వదులు చేయగానే వేగం తిరిగి వస్తే దొంగ దొరికినట్టే.

తర్వాత లివరు సంగతి. చోదకుడి దగ్గర లివరు చివరిదాకా వెళ్లినంత మాత్రాన ఇంజను దగ్గర ఉన్న చేయి కూడా చివరిదాకా వెళ్లిందని కాదు. మధ్యలో ఉన్న కేబులు సాగినా, తుప్పు పట్టినా అక్కడ కొంత దూరం మిగిలిపోతుంది. ఇంజను ఆపి, ఒకరు లివరు తోస్తుంటే ఇంకొకరు ఇంజను దగ్గర చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఆ తర్వాత గేరు వేయకుండా ఇంజను వేగం కొద్దిసేపు పెంచి చూస్తారు. అప్పుడు కూడా వేగం అందకపోతే కేబులు, వేగాన్ని అదుపు చేసే గవర్నరు, లేదా డీజిలు సరఫరాలో పెద్ద లోపం ఉన్నట్టు. అందితే? ఇంజను బాగుందని మాత్రం అనుకోకూడదు. స్టాండు వేసిన మోటారు సైకిలు చక్రం గిర్రున తిరుగుతుంది, అదే బండి ఘాట్ రోడ్డు ఎక్కలేకపోవచ్చు. బరువు లేనప్పుడు ఇంజనుకు కాస్త ఇంధనం చాలు. అసలు పరీక్ష బరువు మీదే.

ఆ పరీక్షను జెట్టీకి కట్టిన బోటులో చేయకూడదు. బోటు కదలకుండా ఉంటే ప్రొపెల్లరు మీద బరువు బాగా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను కూడా అప్పుడు పూర్తి వేగం అందుకోలేదు. పైగా తాడు తెగితే పక్కవారికి ప్రమాదం. కాబట్టి వెడల్పైన నీటిలో, మామూలుగా ఉండే బరువుతో, బోటును పరిగెత్తించే చూడాలి.

పొగ చెప్పే సాక్ష్యం

పూర్తి లివరు మీద బోటు పరిగెడుతున్నప్పుడు ఒకరు వెనక నిలబడి పొగను గమనించాలి. డీజిలు ఇంజనులో ఇంధనం మండటానికి గాలి కావాలి. వచ్చే ఇంధనానికి తగినంత గాలి లేకపోతే కొంత కార్బను మండకుండా మిగిలి నల్లటి పొగగా బయటికి వస్తుంది.

వేగం తక్కువగా ఉండి, నల్లటి పొగ దట్టంగా వస్తోందంటే ఇంధనానికి కొరత లేదని తెలుస్తుంది. ఇంజను శాయశక్తులా పాటుపడుతోంది. అప్పుడు మోయలేని బరువు మీద పడి ఉండాలి, లేదా గాలి అందకపోతూ ఉండాలి, లేదా డీజిలును చిమ్మే ఇంజెక్టర్లు సరిగా పనిచేయకపోతూ ఉండాలి.

వేగం తక్కువగా ఉండి, పొగ మాత్రం దాదాపు కనిపించకపోతే కథ వేరు. ఇంజనుకు డీజిలే సరిపడా చేరడం లేదు. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోందని అర్థం. ఇంజను వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తూ ఉంటే, మండని డీజిలో, లోపలికి చేరిన నీరో కారణం కావచ్చు.

ఇంజను వైపు వెతికేటప్పుడు

డీజిలు అందడం లేదని అనుమానం వస్తే ముందు ఫిల్టరు, నీటిని వేరుచేసే గిన్నె చూడాలి. ఇక్కడే నిషేధ కాలం ప్రభావం కనిపిస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రెండు నెలలు తేమ గాలి నిలిచి ఉంటే, రాత్రి చల్లదనానికి ఆ తేమ నీటి బొట్లుగా మారుతుంది. నీరు డీజిలు కంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ఆ నీరూ డీజిలూ కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు పదార్థం తయారవుతుంది. బోటు అలల మీద ఊగగానే అదంతా లేచి ఫిల్టరును మూసేస్తుంది.

అనుమానం తీరడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. బోటు ట్యాంకును పక్కన పెట్టి, శుభ్రమైన డీజిలు నింపిన చిన్న డబ్బా నుంచి విడి గొట్టంతో ఇంజనుకు సరఫరా ఇస్తారు. వేగం తిరిగి వస్తే తప్పు ట్యాంకులోనో, పాత గొట్టంలోనో, మధ్య ఉన్న ఫిల్టరులోనో ఉందని తేలిపోతుంది. ఫైబరు తెప్పల వెనక ఉండే పెట్రోలు ఇంజన్లకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. ఇంధనం గొట్టంలో చేతితో నొక్కే రబ్బరు బుడ్డ ఉంటుంది. పడవ పరిగెడుతుంటే ఆ బుడ్డ చప్పిడిగా అణిగిపోతే, ట్యాంకు వైపు అడ్డు ఉందన్నమాట. బుడ్డను నొక్కుతూ ఉంటే వేగం పెరిగితే, పంపు బలహీనపడిందో, గొట్టంలోకి గాలి జొరబడుతోందో చూడాలి.

గాలి సంగతి తేల్చడానికి ఇంజను గది మూత తెరిచి చూస్తారు. మూత తెరవగానే వేగం పెరిగితే గదిలోకి గాలి దారులు చాలడం లేదని అర్థం. ఆ తర్వాత గాలి ఫిల్టరు, టర్బో ఉంటే దాని గొట్టాల బిగింపులు చూడాలి. పొగ బయటికి వెళ్లే మలుపు గొట్టంలో మసి, ఉప్పు పేరుకుంటే అది కూడా అడ్డే. వదలలేనివాడు పీల్చలేడు కదా!

నీటి వైపు వెతికేటప్పుడు

వెచ్చటి రేవు నీటిలో కదలకుండా నిలిచిన బోటు అడుగున ముందు నాచు పడుతుంది, తర్వాత బార్నకిల్స్ అనే గుల్ల జీవులు అంటుకుంటాయి. సిమెంటు పూసినట్టు గట్టిగా పట్టుకుంటాయవి. నున్నటి అడుగు గరుకు కాగితంలా మారుతుంది, నీటి ఘర్షణ పెరుగుతుంది. ప్రొపెల్లరు రెక్కల మీద పెరిగితే నష్టం మరింత ఎక్కువ. రెక్క నీటిని వెనక్కి తోసే పని తగ్గుతుంది, దాన్ని తిప్పడానికి కావలసిన బలం మాత్రం పెరుగుతుంది.

ప్రొపెల్లరు కొలతలు కూడా చూడాలి. ఒకటి వ్యాసం, రెండోది పిచ్. ఒక స్క్రూను ఒక చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో మనకు తెలుసు. నీరు చెక్కలా గట్టిదైతే ప్రొపెల్లరు ఒక చుట్టుకు ఎంత ముందుకు వెళ్లేదో దాన్నే పిచ్ అంటారు. పిచ్ ఎక్కువైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ నీటిని తోయాలి. సైకిలు మీద పెద్ద గేరు వేసి ఎత్తు ఎక్కినట్టు ఉంటుంది ఇంజను పరిస్థితి. చిన్న పెట్రోలు ఇంజన్లలో పిచ్ ఒక అంగుళం మారితే వేగం సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుందని ఒక వాడుక లెక్క ఉంది.

ఇవి కాక రెక్క వంగడం, ఇరుసు చుట్టూ నీరు రాకుండా బిగించే గ్లాండు మరీ బిగుసుకోవడం, ఇంజనూ ఇరుసూ ఒకే వరసలో లేకపోవడం కూడా బరువును పెంచుతాయి. ఇంజను ఆపి, గేరు తీసి, ఇరుసును చేతితో తిప్పి చూస్తే కొంత తెలిసిపోతుంది. చివరగా బోటులో ఎక్కించిన మంచు, డీజిలు, మంచినీరు మామూలు కంటే ఎక్కువ ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

ఒక లెక్క చేసి చూద్దాం

ఊహించుకున్న ఒక బోటు తీసుకుందాం. నిషేధానికి ముందు అది 1800 ఆర్‌పీఎం దగ్గర 8 నాట్లతో నడిచేది, పొగ పలచగా ఉండేది. జూన్ 15న బయలుదేరితే 1500 ఆర్‌పీఎం, 6 నాట్లు, దట్టమైన నల్ల పొగ. గేరు లేకుండా వేగం పూర్తిగా అందుతోంది. ఇంజను గది మూత తెరిచినా మార్పు లేదు. గాలి ఫిల్టరు శుభ్రంగా ఉంది. ఎక్కించిన సరుకు మామూలే.

61 రోజులు నీటిలో ఊరికే నిలబడిన బోటుకు రెండు జబ్బులూ రావచ్చు. ట్యాంకులో నీరు చేరి డీజిలు అందకపోవచ్చు, అడుగున గుల్లలు పట్టి బరువు పెరగవచ్చు. ఈ రెండింటిలో ఏది? డీజిలు అందని ఇంజను నల్ల పొగ వదలదు. ప్రొపెల్లరు, అడుగు శుభ్రంగా ఉంటే 1500 దగ్గర ఇంజను మీద 58 శాతం భారమే ఉండాలి, అంత భారానికి ఇది ఇంతగా ఆయాసపడదు. కాబట్టి మొదట నీటి కింద చూడాలి. ప్రొపెల్లరు మీద గుల్లలు కనిపిస్తే గీకి శుభ్రం చేసి, అదే బరువుతో మళ్లీ పరిగెత్తించాలి. 1800 తిరిగి వస్తేనే మన నిర్ణయం సరైనది. కొంతే పెరిగితే ఇంకో కారణం మిగిలి ఉంది, ఇంజెక్టర్ల నుంచి మళ్లీ వెతకాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలన్న నియమం ఇందుకే. ఫిల్టరు, ఇంజెక్టర్లు, ప్రొపెల్లరు మూడూ ఒకే రోజు మారిస్తే బోటు బాగుపడవచ్చు గానీ, ఏది పాడైందో ఎవరికీ తెలియదు. ఖర్చు మాత్రం మూడింటికీ అవుతుంది.

చేయకూడని పని

వేగం తగ్గినప్పుడు కొందరు ఇంజెక్షన్ పంపు సీలు తెంచి డీజిలు మోతాదు పెంచేస్తారు. బరువు వల్ల కుంగిన ఇంజనుకు ఇది విషం లాంటిది. గాలి అంతే ఉంటుంది, ఇంధనం పెరుగుతుంది. పొగ ఇంకా నల్లబడుతుంది, లోపలి వేడి పెరిగి వాల్వులు, పిస్టన్లు, టర్బో దెబ్బతింటాయి. అసలు జబ్బు బోటు అడుగున అలాగే ఉంటుంది. కొన్ని వారాల తర్వాత నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే, గుల్లలు గీకే కొద్దిపాటి ఖర్చుతో పోయేది ఇంజను మొత్తం విప్పే దాకా వస్తుంది.

మరో హెచ్చరిక మన వయసు వాళ్లకు. ఈ పరీక్షలు అనుభవం ఉన్న మెకానిక్కులు చేసేవి. తిరిగే ఇరుసు దగ్గరికి చేతులు, చున్నీ, వదులు చొక్కా పోకూడదు. ఎవరైనా నీటిలోకి దిగి ప్రొపెల్లరు చూస్తున్నంతసేపు ఇంజను ఆగి, తాళం చెవి ఆ దిగిన మనిషి దగ్గరే ఉండాలి.

ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక మాట. కొచ్చిలో ప్రధాన కార్యాలయం, చెన్నై, విశాఖపట్నంలలో శాఖలు ఉన్న సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చేపల బోట్లు నడిపే విద్యలోనూ, మెరైన్ ఫిట్టరు విద్యలోనూ శిక్షణ ఇస్తుంది. పదో తరగతి లెక్కలు, సైన్సుతో చదివినవారికి ఆ దారి ఉంది.

అన్నిటికంటే చవకైన పరికరం ఒకటుంది, ఒక నోటు పుస్తకం. బోటు ఆరోగ్యంగా ఉన్న రోజున పూర్తి లివరు మీద ఆర్‌పీఎం ఎంత, వేగం ఎన్ని నాట్లు, పొగ ఏ రంగు, ఎక్కించిన బరువు ఎంత అని అందులో రాసి పెట్టుకోవాలి. ఆ నాలుగు అంకెలు లేకపోతే తర్వాత ఏ పరీక్షకూ పోలిక ఉండదు. కొత్త బడికి వచ్చి చదువులో వెనకబడిన పిల్లల విషయంలోనూ ఇదే వరస పాటించవచ్చని మాకు అనిపించింది. నిన్నటిదాకా బాగా చదివినవాడు ఇవాళ కుంగితే, వాడి తెలివిని అనుమానించే ముందు, కొత్త భాష, కొత్త పుస్తకాలు, కొత్త ఇల్లు కలిసి ఎంత బరువు మోపాయో ఒకసారి చూడాలి.